గోత్రం లేని కోళ్లు

కోళ్లు పెంచుతున్నామంటే మా వైపు జనం ముందు అడిగేది ఏ జాతివని. పశ్చిమ గోదావరిలో కాపురం ఉంటూ ఆ ప్రశ్నకు నీళ్లు నమలడం కాస్త నామోషీయే. పుంజు ఈకను బట్టి రంగు, రంగును బట్టి జాతకం చెప్పేవాళ్లు ఇక్కడ వీధికిద్దరు దొరుకుతారు. నేను మాత్రం "అన్నీ ఉన్నాయండీ" అని ఊరుకుంటాను. అబద్ధమేం కాదు. మా పెరట్లో ఒక్కో కోడిలోనే అన్నీ ఉన్నాయి.

మొదట ఉన్నవి అత్తయ్యగారి నాటు పెట్టలు. వాటి పూర్వీకులు ఈ ఇంటికి నాకంటే ముందొచ్చారు కాబట్టి వాటి విషయంలో నేను నోరు చేసుకోను. తర్వాత వనరాజా పిల్లలు దిగాయి. వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమని తయారుచేసిన రకాలు. పైకి నాటుకోడి రంగులు, లోపల ఫారం కోడి ఆకలి. ఆ మీదట మధ్యప్రదేశ్ ఝాబువా కడక్‌నాథ్. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి పేపర్లో చదివి మా ఆయన మోజుపడి ఒక పుంజును తెచ్చారు. ఈకా, కాలూ, ముక్కూ, చర్మం, మాంసం, అంతా నలుపే. దాన్ని కోసి వండే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేక అది హాయిగా బతికి వంశం వృద్ధి చేసింది.

ఇవిగాక సైకిలు మీద అట్టపెట్టెలు కట్టుకుని గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు పూసిన కోడిపిల్లలు అమ్మేవాడొకడు వస్తుంటాడు. గుడ్ల కోళ్ల హేచరీల్లో మగపిల్లలు దేనికీ పనికిరావు. గుడ్డు పెట్టవు, మాంసానికి ఎదగవు. వాటికే రంగులద్ది పిల్లలకు అంటగడతారు. సాధారణంగా వారం తిరక్కుండానే పోతాయి. మా అబ్బాయి కొన్నవాటిలో ఒకటి పోలేదు. గులాబీ రంగు వెలిసి, పొడుగు కాళ్ల తెల్ల పుంజై నిలబడింది. ఇక పక్కింటివాళ్లు బాదంపప్పు పెట్టి మేపే పందెం పుంజు గోడ దూకి మా వైపు ఎన్నిసార్లొచ్చిందో వాళ్లకు తెలియదు. వాళ్లకు చదివే అలవాటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇన్ని పుంజులు తిరిగే పెరట్లో ఏ పిల్లకు తండ్రెవరని చెప్పడం? పెట్ట కడుపులో వీర్యాన్ని దాచి ఉంచే సన్నటి గొట్టాలుంటాయి. ఒకసారి పుంజుతో కలిస్తే రెండు వారాలు, ఒక్కోసారి అంతకు పైన కూడా పెట్టే గుడ్లు పొదగడానికి పనికొస్తాయి. కాబట్టి ఒక గూటి పిల్లలకు ముగ్గురు తండ్రులున్నా ఆశ్చర్యం లేదు. పైగా పెట్టదీ ఒక మాట ఉంది. మందలో హోదా లేని పుంజు మీదపడితే ఆ వీర్యాన్ని పెట్ట బయటికి నెట్టేయడం శాస్త్రజ్ఞులు చూసి నమోదు చేశారు. అందుకే మా తెల్ల పుంజుకు సంతానం తక్కువ. రోజంతా పెట్టల వెంట పరుగులే తప్ప, పిల్లల్లో తెలుపు ఎక్కడో ఒకటి.

పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చే రోజున మా ఇంట్లో టీవీ పెట్టరు. ఒకే పెట్ట కింది నుంచి ఒకటి బొగ్గులా, ఒకటి పసుపుపచ్చగా, ఇంకోటి వీపున ఉడుత చారలతో, మరోటి మెడ మీద ఈకే లేకుండా వస్తాయి. ఈ బోసిమెడ లెక్క మాత్రం ఖచ్చితమైంది. ఆ లక్షణం ఒకవైపు నుంచే వస్తే గొంతు ముందు చిన్న కుచ్చు మిగులుతుంది. తల్లి, తండ్రి ఇద్దరి వైపు నుంచీ వస్తే అదీ ఉండదు. చూడ్డానికి సగం పీకి వదిలేసినట్టుంటుంది గానీ మే నెలలో మిగతా కోళ్లు రెక్కలు విడదీసి నోళ్లు తెరుచుకుని రొప్పుతుంటే, ఇది ఎండలోనే ఎరువు కుప్ప గోకుతూ ఉంటుంది. తురాయిలూ అంతే. 1900ల తొలి ఏళ్లలో కేంబ్రిడ్జిలో బేట్సన్, పన్నెట్ అనే ఇద్దరు పెద్దమనుషులు మెండెల్ బఠానీ మొక్కల్లో చూపించిన సూత్రాలు ప్రాణులకూ చెల్లుతాయా అని కోళ్ల తురాయిలతో పరీక్షించారు. రెండు రకాల తురాయిలు కలిస్తే తల్లికీ లేని, తండ్రికీ లేని మూడో రకం పుట్టింది. దానికోసం వాళ్లు దొడ్లు కట్టి, చీటీలు రాసి, ఏళ్లు గడిపారు. మా పెరట్లో చీటీలుండవు, మిగతాదంతా అదే.

సంక్రాంతికి మా చినమామయ్యగారు వస్తారు. కుక్కుట శాస్త్రం ఆయనకు కంఠతా వచ్చు. ఒంటినిండా నల్ల ఈకలైతే కాకి, ఎర్రనైతే డేగ, తెల్లనైతే సేతు, నలుపూ ఎరుపూ పసుపూ మూడూ ఉంటే కౌజు. నక్షత్రాన్ని బట్టి ఏ రంగుది ఏ రంగుదాని మీద గెలుస్తుందో కూడా చెబుతారు. గుమ్మంలో కుర్చీ వేయించుకుని మా పుంజుల్ని ఒక్కోదాన్నీ పరికించారు. బూడిదరంగు ఒంటి మీద ఇటుకరంగు మచ్చలు, నల్లటి కాళ్లు, బోసిమెడ ఉన్నదాని దగ్గర ఆగిపోయారు.

"ఇది శాస్త్రంలో లేదమ్మాయ్."

"మరి ఏ రోజున గెలుస్తుందంటారు మామయ్యగారూ?"

"గెలవడం సంగతి తర్వాత. ఏ రోజున కొయ్యాలో చూసుకో."

ఆ మాటతో ఆయన వరకు దాని కథ ముగిసింది. నాకు మాత్రం అప్పటినుంచీ అదంటే పక్షపాతం. అచ్చమైన జాతి అనేది కోళ్లలో ఎక్కడుందో నాకు తెలియదు. కోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి అని పుస్తకాల్లో చదువుకున్నాం. నిజమే. కానీ ఇంటికోళ్ల పసుపుపచ్చ కాళ్లకూ చర్మానికీ కారణమైన జన్యువు దానిది కాదని, మన దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చి కలిసిందని 2008లో తేల్చారు. అంటే లోకంలోని ఎన్నో కోళ్ల కాళ్లలో మన అడవి గోడ దూకిన గుర్తు ఉంది. ఇంత జరిగాక మా కోడికి గోత్రం లేదంటే ఎలా ఒప్పుకోను?

అయినా నేను ఈ కలగాపులగాన్ని మెచ్చుకునేది రంగుల కోసం కాదు. అసలు సంగతి పొదుగు దగ్గర ఉంది.

నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి, పొదుగు మీద కూర్చుంటానని భీష్మిస్తుంది. ఒళ్లంతా ఉబ్బించుకుని, దగ్గరికి చెయ్యి పెడితే గుర్రుమంటుంది. పొట్ట కింద ఈకలు పీక్కుని ఒంటి వేడి నేరుగా గుడ్లకు తగిలేట్టు చేసుకుంటుంది. మేతకూ నీళ్లకూ రోజుకొకసారి లేస్తే గొప్ప. ఇరవయ్యొక్క రోజులు అలా కూర్చుని, ఆ పైన పిల్లల్ని రెండు నెలలు వెంటేసుకుని తిరిగితే ఆ కాలమంతా గుడ్డు లేదు. ఏడాది మొత్తం లెక్కేస్తే అరవై డెబ్బై దాటవు. ఫారంలో తెల్లకోడి మూడు వందలు పైన పెడుతుందంటే అది ఈ కూర్చునే బుద్ధిని పోగొట్టుకోబట్టే. పరిశోధకులు తరతరాలుగా కూర్చునే పెట్టల్ని పక్కకు తప్పించి, పెట్టుకుంటూ పోయేవాటినే ఎంచుకున్నారు. వనరాజాకూ ఆ బుద్ధి లేదు. పెరట్లో వందకు పైన గుడ్లు పెడుతుంది గానీ ఎక్కడ పెట్టిందో అక్కడే మరిచిపోతుంది. తులసికోట పక్కన ఒకటి, కట్టెల మోపులో ఒకటి, ఒకసారి బట్టల బుట్టలో.

మా పెరట్లో జరిగే వ్యాపారం ఇదీ: పెట్టేది వనరాజా, పొదిగేది నాటు. గుడ్లు వాళ్లవి, కాపురం వీళ్లది. పొదుగుకు గుడ్లు పెట్టడం మాత్రం అత్తయ్యగారి చేతుల మీదుగా జరగాలి. పాత వెదురు గంపలో బూడిద చల్లి, ఆ మీద ఎండుగడ్డి పరిచి, గుడ్లు బేసి సంఖ్యలో పెడతారు. బూడిదకైతే కారణం ఉంది, కోడిపేలు చేరవు. బేసి సంఖ్యకు నేను కారణం అడగలేదు. ఒక ఇనప మేకు, బొగ్గు ముక్క కూడా గడ్డిలో దోపుతారు, ఉరుములకు గుడ్లు మురగకుండా. వారం దాటాక చీకటి గదిలో సెల్‌ఫోన్ లైటుకు గుడ్డు ఆనించి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడు అల్లుకుని కనిపిస్తాయి. అల్లుకోనిది ఒట్టిపోయినట్టే. ఈ లైటు వచ్చాక అత్తయ్యగారు సెల్‌ఫోన్‌ను క్షమించారు.

పొదుగు వద్దనుకుంటే మానిపించే మార్గాలూ ఉన్నాయి. నీళ్లలో ముంచి తీయడం, ముక్కులో ఈక గుచ్చి వదలడం. మా ఇంట్లో రెండోది నిషేధం, మొదటిది ఎండాకాలంలో మాత్రం చెల్లుతుంది.

పిల్లలు దిగాక తేడా ఇంకా తెలుస్తుంది. తల్లికి గద్దకొక అరుపు, కుక్కకొక అరుపు. గద్ద నీడ పడితే సన్నగా సాగదీసి ఒక్క కూత, అంతే, పిల్లలు ఎక్కడివక్కడ నేలకు కరుచుకుంటాయి. కుక్కనో పిల్లినో చూస్తే తెంపి తెంపి కొక్కొక్కొమని గోల. యంత్రంలో పుట్టి అట్టపెట్టెలో వచ్చిన వనరాజా పిల్లలకు ఈ భాష చెప్పినవాళ్లు లేరు. మొదటి విడతలో సగం గద్దలపాలయ్యాయి. అవే గుడ్లు నాటు పెట్ట పొదిగి తిప్పితే, పుట్టిన పిల్లలు జామచెట్టు నీడ దాటేముందు ఆకాశం చూడ్డం నేర్చుకున్నాయి. వాటి ఒళ్లు వనరాజాదే. పెంపకం వేరు.

గద్దకన్నా భయం కొక్కెర తెగులు. ఇంగ్లీషు డాక్టర్లు దీన్ని కుమావూఁ కొండల్లోని రాణిఖేత్ పేరుతో పిలుస్తారు. మెడలు మెలితిరిగి, ఆకుపచ్చగా పారి, రెండు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. దీనికి జాతి పట్టింపు లేదు, నాటుకోడికి ఏ వ్యాధీ రాదనే మాట ఇక్కడ చెల్లదు. టీకా చవకే. పిల్లకు వారం లోపు కంట్లోనో ముక్కులోనో ఒక్క లసోటా చుక్క, రెండు నెలల వయసులో రెక్క కింద సూది. చిక్కల్లా సీసాలో ఉంది. ఒక్కో సీసా వంద కోళ్లకు పైన సరిపోతుంది, ఐసులో తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. పదిహేను పిల్లలకోసం సీసా కొన్నవాళ్లు వీధి తిరిగి పిలవాల్సిందే. ఆ రోజు మా అరుగు మీద గంపలన్నీ చేరతాయి. ఎవరి కోడిపిల్ల ఏదో కాసేపు తారుమారవుతుంది. పక్కింటి పందెం పుంజు పోలికలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో నాకు తెలిసింది అక్కడే.

మందలో పెద్దరికం సంగతి ముక్తసరిగా చెబుతాను, ఎందుకంటే అది చూసేవాళ్లకు ఇంటి సంగతుల్ని గుర్తుచేసి ఇబ్బంది పెడుతుంది. ఎవరు ఎవర్ని పొడవొచ్చన్న వరుసను మొదట పద్ధతిగా గమనించి 1920ల మొదట్లో రాసినవాడు నార్వే దేశస్థుడు షెల్డరప్-ఎబ్బె. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పటి నుంచే కోళ్ల వెంట పడ్డాడట. మా మందలో పైవరస ముసలి నాటు పెట్టది. బరువులో దానికి రెట్టింపున్న వనరాజాలు నూకలు చల్లగానే దానికి దారిస్తాయి. పుంజుల్లో పెద్దది కడక్‌నాథ్. తెల్లవారుజామున అదే ముందు కూస్తుంది, తర్వాత మిగతావి వరసగా అందుకుంటాయి. ఈ వరస తప్పదని, హోదాలో పైనున్నదే ముందు కూస్తుందని జపాన్‌లో పరిశోధించి 2015లో ప్రకటించారు. మా తెల్ల పుంజు ఆఖరున కూస్తుంది. ఒక్కోరోజు మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు.

తరాలు గడిచేకొద్దీ మా మంద ఒళ్లు తగ్గుతోంది, కళ్లు చురుకవుతున్నాయి. శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే: ఇలాంటి రకాల మొదటి తరంలోని ఎదుగుదల వాటి పిల్లల్లో ఉండదు, ఎప్పటికప్పుడు కొత్త పిల్లల్ని తెచ్చుకోండి అని. లాభం కావాలంటే అదే దారి. మేం ఆ దారిన పోలేదు. ఎందుకంటే ఆ దారిలో ప్రతిసారీ కొనుక్కోవాలి, ఈ దారిలో ఒక పెట్ట కూర్చుంటే చాలు.

తూర్పు మన్యంలో గిరిజన స్త్రీలు పెట్టను వాటాకిస్తారు. పెంచుకునేవాళ్లకు పుట్టిన పిల్లల్లో సగం, ఇచ్చినవాళ్లకు సగం. మా అత్తయ్యగారూ తెలిసినవాళ్లకు అలా ఇస్తుంటారు గానీ వాటాకిచ్చేది ఎప్పుడూ కూర్చునే పెట్టనే. పెట్టేదాన్నిస్తే గుడ్లు తినేస్తారు, పిల్లలెక్కడివి అంటారు. వనరాజాకూ కడక్‌నాథ్ పుంజుకూ పుట్టిన ఒక నల్ల పెట్ట ఈ మాఘంలో కట్టెల మోపు వెనక దొంగతనంగా గుడ్లు పెట్టి వాటి మీదే కూర్చుంది. దాని తల్లి ఎన్నడూ కూర్చోలేదు. ముందు మేమెవరం నమ్మలేదు. నాలుగు రోజుల్లో లేచిపోతుందన్నాను నేను. అత్తయ్యగారు కిందున్న గుడ్లకు బొగ్గుతో గుర్తులు పెట్టి, వేరే పెట్టలు కొత్తగా పెట్టినవి ఏరేస్తూ మూడు వారాలూ కాపు కాశారు. పదకొండు గుడ్లకు ఎనిమిది దిగాయి.

తల్లీపిల్లల్ని కలిపి మంచి ధరకు అడిగాడు ఒకాయన. అత్తయ్యగారు పుంజుపిల్లలు తీసుకెళ్లమన్నారు. పెట్టపిల్లలైతే బేరం లేదట. ఏవి పుంజులో ఇప్పుడే ఎలా తెలుస్తుందమ్మా అన్నాడు. తెలిశాక రమ్మన్నారు.