ఎక్కములు

మా పాఠశాలలో మూడవ తరగతి గది ప్రక్కగా నడచువారికి ఉదయము "టూ వన్ జా టూ, టూ టూ జా ఫోర్" అను ఘోష వినవచ్చును. ఆ "జా" యేమని యొకనాడు పిల్లల నడిగితిమి. ఒక్కరును చెప్పలేదు. 'వన్స్ ఆర్' అను రెండు ఆంగ్లపదములు నోట నలిగి యట్లయినవని చెప్పగా పకపక నవ్విరి. చిన్ననాడు "రెండొకట్ల రెండు" అని రాగము తీసిన మేము మాత్రము ఆ "ఒకట్ల" యేమో యెన్నడైన నడిగితిమా?

నిజమునకు తెలుగు ఎక్కము అర్థమును దాచుకొన్నది కాదు. రెళ్ళు, మూళ్ళు, ఏళ్ళు అనునవి రెండు, మూడు, ఏడు అనువాని బహువచనములే. రెండు మూళ్ళనగా మూడులు రెండు. అయితే ఇందొక చిక్కు కలదు. రెండవ యెక్కమును చెప్పుచు బాలుడు రెండేసి చింతపిక్కలను కుప్పలు పెట్టెననుకొందము. మూడవ కుప్ప పెట్టునప్పటికి వాని చేతిలోనివి మూడు రెళ్ళు. నోటిలోనివి రెండు మూళ్ళు. ఫలమొక్కటే యగుటచే పెద్దల కీ భేదము కానరాదు. పిల్లవానికి కానవచ్చును, అడుగ భయపడి యూరకుండును. భాస్కరాచార్యుని లీలావతిలో గుణ్యమేదో గుణకమేదో చదివి వచ్చిన మాకే యిది తోచుటకు ఇరువదియేండ్లు పట్టినది.

తోపించినవాడొక విద్యార్థి. ఆరవ యెక్కము వానికి రాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టరాదన్నది, మేము కొట్టలేదు. తరగతి యెదుట నిలువబెట్టి, తప్పినప్పుడెల్ల మొదటినుండి చెప్పించితిమి. మనసు నొప్పించుటను గూడ ఆ చట్టమే నిషేధించినదని యెరుగకపోలేదు. మరునాటినుండి మూడు దినములు వాడు బడికి రాలేదు.

నాలుగవనాడు వాని యింటికి పోతిమి. ఇంటిముందరనే తల్లి చిల్లరకొట్టు. వాడు కోడిగ్రుడ్ల అట్ట ముందు కూర్చుండియుండెను. వరుసకు ఆరేసి చొప్పున అయిదు వరుసలు, ముప్పది గుంటల అట్ట. ఎన్ని మిగిలినవని తల్లి లోపలినుండి కేకవేయగా, వాడు చూచీచూడకయే "మూడు వరుసలు పద్దెనిమిది, పైన రెండు, ఇరవై" యనెను. మేము దగ్గరకు పోయి, "ఆరు మూళ్ళెంతరా?" యంటిమి. తల వంచుకొనెను. ఆ వంగిన తల మా చేతిపనియే.

ఖాళీ అట్ట యొకటి యడిగి తెచ్చుకొని, మరునాడు తరగతిలో మూడు వరుసలు చింతపిక్కలతో నింపించితిమి. ఆరేసి చొప్పున మూడు వరుసలు. అట్టను ప్రక్కకు త్రిప్పితిమి. మూడేసి చొప్పున ఆరు వరుసలైనవి. ఎన్ని గింజలని యడుగగా, "తిప్పినంత మాత్రాన గింజలు మారవు గదా మాస్టారూ!" అని మమ్మే యడిగినవాడు వాడే.

వల్లెవేయుట వలదని మా మతము కాదు. పెద్ద లెక్క నడుమ ఎవడును చింతపిక్కల కొరకు వెదకుచు కూర్చుండలేడు. కాని రెండేసి, మూడేసి, అయిదేసి గెంతుచు లెక్కించుట ముందు రావలెను, రాగము తరువాత. ఎంతవరకు వల్లింపవలెననునది వేరు మాట. 1957లో దశాంశ నాణెములు వచ్చువరకు రూపాయికి 16 అణాలు గనుక పదునారవ యెక్కము రానివాడు అంగడిలో నిలువలేకపోయెను. నేడు మూడవ తరగతిలోనే ఇరువదివరకు ఏల యని తలిదండ్రుల నడిగిన, "మేము నేర్చుకోలేదా?" యందురు.

ఆ బాలుడిప్పుడు అయిదవ తరగతిలో నున్నాడు. ఏడెనిమిదు లెంతయన్న నేటికిని ఒక్క క్షణ మాగును. ఏడేళ్ళు నలుబదితొమ్మిది యని లోలోన ననుకొని, మరియొక యేడు కలిపి, యాబదియారనును. తోడివారు అంతకుముందే యరచి కూర్చుందురు. తమవాడు మందబుద్ధియా యని పోయిన నెలలో తల్లి మమ్మడిగినది. వాడు ఆగి చేయుచున్న పని యేమో మాకు తెలిసినంత చెప్పితిమి. ఆమె కొంతసేపు విని, గ్రుడ్ల లెక్కలో మాత్రము వాడెన్నడును తప్పలేదనినది.