మేము కట్టిన జీరంగి

ట్రౌట్ అనే చేప మన సీమలో లేదు. చల్లని నీట తప్ప అది బ్రతకదు. ఆంగ్లేయులు దానిని 1900 ప్రాంతంలో కాశ్మీరానికి, ఆ తరువాత కొద్ది ఏండ్లకు నీలగిరులకు తెచ్చి పెంచారు. మదనపల్లె మిట్ట ప్రదేశమే అయినా, ఇక్కడి చెరువు నీరు వేసవిలో దానికి కాచిన నీళ్ళతో సమానం. అయినను ట్రౌట్ కోసం పరదేశీయులు కట్టే కృత్రిమపు ఎర ఒకటి మా అన్నదమ్ములిద్దరినీ కొన్ని నెలలు నిద్రపోనివ్వలేదు.

కారణం మా మామూజాన్. పుంగనూరు పరిసరాల చెరువులలో యాభై ఏండ్లు కొర్రమీను పట్టిన మనిషి. కంటిశుక్లం ముదిరి ఆయనకు నీటిమీది బెండు కనబడడం మానింది. 2021 నవంబరు వానలకు చెరువులు నిండి, ఊరివారు గాలాలతో కట్టమీద చేరితే, ఆయన ఒక ప్రక్క కూర్చుని వారి మాటలు వినేవారు. ఆపరేషన్ మాట ఎత్తితే "ఇంకా చూడవలసిందేముంది బేటా" అనేవారు.

ఆ ఎరను విదేశాలలో ఈగ అంటారు గాని, రూపానికి అది పెంకుపురుగు. దాని నల్లని వీపున చిన్న పసుపు తునక ఉంటుంది. క్రింది నుంచి చూసే చేపకు అది కనబడదు. ఒడ్డున నిలిచిన మనిషి కోసమే ఆ గుర్తు. మమ్మల్ని పట్టుకున్నది ఆ తునకే.

సామగ్రి ఇంటిచుట్టూ దొరికింది. విద్యార్థులు బొమ్మలు చేయడానికి కొనే నల్లని ఫోమ్ షీట్ చాలు. దానిలోని గాలిగదులు మూసుకొని ఉండుటచే నీరు పీల్చదు. పట్టుదారం నీరుగట్టువారిపల్లె మగ్గాల వద్ద మిగిలినది. నెమలి ఈక మాత్రం తనంతట రాలినదే కావాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

గాలాన్ని పట్టకారులో బిగించి, కాడ పొడవునా వంపు వరకు దారం చుట్టాలి. అక్కడ ఫోమ్ పట్టీ కొనను కట్టి, మిగిలిన భాగాన్ని వెనుకకు వదలాలి. అదే చోట నాలుగు నెలలి పోగులు కట్టి, దారంతో పెనవేసి ముందుకు చుట్టుకొని వస్తే పొట్ట తయారవుతుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న జీరంగి వన్నె ఆ పోగులలో కనబడుతుంది. ఆపైన ఫోమును వీపుమీదుగా మడచి ముందు బిగిస్తే మిగిలిన కొన తల అవుతుంది. ప్రక్కలకు రబ్బరు కాళ్ళు. దారం గట్టిగా లాగితే ఫోమ్ తెగుతుంది, వదులైతే పురుగు పక్కకు తిరుగుతుంది. పెంకు మరీ దళసరైతే గాలపు మొనను కప్పివేస్తుంది. అప్పుడు చేప మింగినా గుచ్చుకొనదు.

కుప్పం దగ్గర బంధువుల ఊరి కుంటలో మొదట వేసి చూశాము. చిన్న పరకలు వచ్చి కాళ్ళు పీకి పోయాయి. మామూజాన్ విని నవ్వి, "పరకలు మోసపోతే గొప్పా?" అన్నారు. కాని మరునాడు వెదురు గడ తానే దింపారు.

కొర్రమీను గాలి పీల్చుటకు నీటిపైకి వచ్చే చేప. పిల్లలను కాచుకొని తిరిగే జంట జోలికి పోరాదని ఆయన నియమం, కనుక ముందుగా నీటిని మమ్మల్ని చూడమన్నారు. పిల్లల గుంపు లేదని చెప్పాక, తామరాకుల అంచున పురుగును వదలి, మెల్లగా ఒకసారి కదిపి ఊరకున్నారు. మాకు ఎండ మెరుపు తప్ప ఏమీ తోచలేదు.

"పసుపు పోయింది" అన్నారాయన, మాకంటె ముందుగా. గడ వంగింది. చేప తూడులలో దూరి దారం తెంచుకొని పోయింది, దానితో మా జీరంగీ పోయింది.

ఇల్లు చేరేవరకు ఆ చేప పొడవును గురించే వాదించారు. గడపలో చెప్పులు విడుస్తూ, మదనపల్లెలో కంటి డాక్టరు ఏ రోజులలో ఉంటారని అడిగారు.