బట్టలుతికిన బండ

మొరప్పూరులో మా పెరటి బావి దగ్గర ఒక బండ వుండేది. మా అవ్వ దానిమీద బట్టలుతికింది, మా అమ్మ వుతికింది, మా యింట్లో ఆవిడా వుతికింది. చిన్నప్పుడు మేమూ దానిమీద కూర్చుని అవ్వచేత వొళ్లు రుద్దించుకున్నవాళ్లమే. అది యెక్కడినుంచి వచ్చిందని యేనాడూ అడగలేదు. బండకు వంశవృక్షం యెవరడుగుతారు?

క్రిందటి వేసవిలో బావిగట్టు బాగుచేయిస్తూ, తూముకు అడ్డంగా వుందని దాని అంచు కొట్టెయ్యమన్నాము. చెప్పింది మేమే, నెపం మేస్త్రీమీద వెయ్యడం న్యాయం కాదు. మధ్యాహ్నం గడ్డపారలు పెట్టి తిరగేస్తే, అడుగువైపు ఒక మనిషి! చేత విల్లు, నడుమున కత్తి. తలకు పైన రెండు వరుసల అక్షరాలు. ఆ పై వరుస వుండవలసిన చోట అప్పుడే పగిలిన తెల్లటి రాయి. అతని పేరు ఆ వరుసలోనే వుందేమో!

మాకు తెలుగూ తమిళమూ వచ్చు. ఆ అక్షరాలు రెండూ కావు. యీ సీమ పాతరాళ్లమీద వుండే వట్టెళుత్తు అని తరువాత తెలిసింది. అది వీరగల్లు. పశువుల మందకోసమో, వూరికోసమో పోరాడి పడిపోయినవాడికి నిలబెట్టే రాయి. తమిళులు నడుగల్ అంటారు. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల పల్లెల్లో కొన్నింటిని వేడియప్పన్ అని కొలుస్తారు. పూజ వున్న రాయికి భయం లేదు, నూనెకూ పసుపుకూ అక్షరాలు మరుగుపడడం తప్ప.

గుడికి దేవుడు కాపలా, కోటకు సర్కారు బోర్డు కాపలా. నాగార్జునకొండ లోయ నీట మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా త్రవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ చేర్చి మళ్లీ నిలబెట్టారు. మరి చిన్నవాటి సంగతి? 1906లో మా మొరప్పూరునుంచి ధర్మపురికి రెండున్నర అడుగుల పట్టాలమీద చిన్నబండి నడిచింది. కరువుసీమకని వేసిన దారి. 1913లో హోసూరుదాకా సాగింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మూతపడింది. మా తాత ఆ బండి యెక్కినవాడు. పట్టాలు పోయిన కట్టను యే రైతైనా పొలంలో కలుపుకుంటే తప్పుపట్టడానికి, యీ బండ సంగతి తెలిశాక, మాకు నోరు రావడం లేదు.

యింట్లో గొడవ మొదలయింది. “చచ్చినవాడి రాయి పెరట్లో వుండకూడదురా. గవర్నమెంటువాళ్లకు తెలిస్తే స్థలమే పోతుంది. పునాదిలో వేసెయ్యి” అన్నాడు చిన్నాయన. మా ఆవిడ మాట్లాడకుండా దీపం తెచ్చి పెట్టింది. “యిన్నాళ్లూ ముఖం నేలకేసి పడుకోబెట్టి వీపుమీద బట్టలు బాదాము కదండీ” అన్నది కాసేపటికి. అలా బోర్లా పడుకోబట్టే ఆ ముఖం అరగకుండా మిగిలిందని మేము అనబోయి వూరుకున్నాము.

ధర్మపురి ప్రదర్శనశాలలో యిలాంటి రాళ్లున్నవి. అక్కడికి వుత్తరం వ్రాశాము. ఆఫీసులో రోజుకు పది వుత్తరాలు వ్రాసే చెయ్యి దీనికి మూడు కాగితాలు చింపింది. అంచు యెలా పగిలిందన్న చోట కలం ఆగిపోయేది. చివరకు వున్నదున్నట్టే వ్రాశాము.

తునకలు రెండు దొరికినవి. మూడవదాన్ని తూము అడుగున వేశానంటున్నాడు మేస్త్రీ. ఆదివారం తూము విప్పించాలి.