కోస్ మీనార్ల బాటలో ఒక చలానా

మన హైదరాబాదును తాకుతూ కన్యాకుమారికి సాగే 44వ జాతీయ రహదారియే ఉత్తరాన పానిపట్టు, కర్నాలు, కురుక్షేత్రాలను కలుపుతుంది. 2024 జనవరిలో ఒక సహోద్యోగి కారులో ఆ దారిన ప్రయాణించాము. ఇరువైపులా ఆవచేల పసుపు. నడుమ అక్కడక్కడ మొఘలుల నాటి కోస్ మీనార్లు. అవి నాటి బాటసారికి దూరం చెప్పేవి. నేటి కెమెరాలు మన వేగం చెబుతున్నాయి.

తిరిగి వచ్చాక మిత్రునికి అతివేగపు చలానా అందింది. ఛాయాచిత్రంలోని కారు రంగు వేరు, నంబరులో ఒక అంకె వేరు. అయినా అంత దూరం ఎవరు వెళతారని, చెల్లించి వదిలించుకోదలచారు.

మోటారు వాహనాల చట్టం (1988) 208వ సెక్షను ప్రకారం ఇటువంటి చిన్న కేసులలో న్యాయవాది ద్వారా హాజరు కావచ్చు. నేరం ఒప్పుకునేవారు జరిమానాను మనియార్డరుతోనే పంపవచ్చు. హర్యానా అంతటి చలానాల కోసం 2019 ఆగస్టులో ఫరీదాబాదులో నెలకొన్న వర్చువల్ కోర్టు ఆ సౌకర్యాన్ని ఇంటర్నెట్‌కు తెచ్చింది. అయితే అక్కడ చెల్లింపు నేరాంగీకారమే. కాదన్నవారి కేసు సాధారణ న్యాయస్థానానికి వెళుతుంది.

మిత్రుడు ఆలోచించి కాదనే అన్నారు. అక్కడి న్యాయవాదికి వకాల్తానామా, కారు పత్రాలు పంపారు. కేసు కొట్టివేయబడింది. ఫీజు జరిమానాను మించింది. కాని చేయని నేరం వారి పేరున నమోదు కాలేదు.