చెడుగు కాలమును బట్టి మాఱునా?

మొన్న నా మనుమరాలు పాత పెట్టెలోని కాగితములు తిరుగవేయుచు మా తాతగారి లెక్కల పుస్తకమొకటి పైకి దీసినది. అందు 1914వ సంవత్సరమున జరిగిన మా మేనత్త వివాహపు ఖర్చులు వ్రాయబడి యున్నవి. ఆమెకప్పటికి ఆఱేండ్లు. తొమ్మిదవ యేట వైధవ్యము ప్రాప్తించినది. నేనెఱిగిననాటికి ఆమె ముసుగు వేసికొని వంటయింట మెలగెడి వృద్ధురాలు. పేరంటాండ్రు వచ్చువేళ ఎవరును చెప్పకయే పెరటిలోనికి తొలగిపోయెడిది.

ఇదంతయు విని ఆ పిల్ల, "తాతగారూ, మీ తాతగారు చెడ్డవారా?" అని యడిగినది.

"ఆ కాలమట్టిదమ్మా," అంటిని.

"ఆ కాలములో ఆమెకు బాధ కలుగలేదా?"

నాకు మాట తోచలేదు. నాటినుండి ఆ ప్రశ్ననే తలపోయుచున్నాను.

మంచిచెడ్డలు దేశకాలములను బట్టి యేర్పడునని పెక్కురందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. ఒకప్పుడు సముద్రయానము పాతకము. నేడు ఆ యిండ్లవారే కుమారుల నమెరికాకు సాగనంపి సంతోషించుచున్నారు. ఓడ యెక్కినందున ఇతరులకు హాని లేదు గనుక ఆ పాతకము కాలముతోనే మాసిపోయినది. బాల్యవివాహమును, బాలవితంతువు దుఃఖమును ఈ తెగలో చేర్చవచ్చునా?

"ఆ కాలము" అనునప్పుడు మనము ఎవరి మాటను లెక్కించుచున్నాము? వితంతు పునర్వివాహమునకు 1856లోనే చట్టసమ్మతి లభించినది. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. 1897లో అచ్చయిన కన్యాశుల్కపు పీఠికలో గురజాడ అప్పారావుగారు, విశాఖ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్క వివాహములు 1,034 లెక్కకు వచ్చెననియు, వానిలో 99 మంది వధువులు అయిదేండ్లవారనియు, ముగ్గురు ఏడాది శిశువులనియు తెలిపిరి. కావున ఆ కాలమునకు ఒక్కటే గొంతు లేదు. మా మేనత్త గొంతును మాత్రమెవరును వినలేదు.

ఇంకొక సంగతి. ఆ లెక్కల పుస్తకములోనే, భార్య గతించిన మా చినతాతగారికి ఏడాది తిరుగకుండ రెండవ వివాహము చేసిన ఖర్చును గలదు. ఒంటరితనము దుర్భరమని ఆ యింటివారికి తెలియకపోలేదన్నమాట. నలువదేండ్ల పురుషుని విషయమున తెలిసినది తొమ్మిదేండ్ల బాలిక విషయమున తెలియలేదు. దీనికి కాలము నేమని నిందింతుము?

అట్లని మా తాతగారు క్రూరులు కారు. వారమునకు నలుగురు పేద విద్యార్థులకు అన్నము పెట్టిరి. కూతురిని శాస్త్రోక్తముగా ఒక యింటిదాని చేయుచున్నానని నిజముగా నమ్మిరి. ఔషధమనుకొని విషమిచ్చినవానిని హంతకుడనరాదు. కాని వాని నమ్మకముచే విషము ఔషధము కాజాలదు. కర్త యొక్క దోషము వాని యెఱుకను బట్టి తగ్గవచ్చును, హెచ్చవచ్చును. అనుభవించినవాని కీడు మాత్రము తగ్గదు. ఈ రెంటిని వేఱుచేసి చూడనందుననే మనము పెద్దలను కాపాడబోయి వారి పనినే సమర్థించుచున్నాము.

ఇంతవఱకు తాతగారి మాట. "ఆ కాలమట్టిది" యను జవాబు నా నాలుకకు అంత తొందరగా ఏల వచ్చెనో ఆలోచింపగా సిగ్గు కలిగినది. నా వివాహము 1978లో జరిగినది. కట్నము పుచ్చుకొంటిని. దానిని నిషేధించు చట్టము 1961లోనే వచ్చినది. పదునేడేండ్లుగా నున్న చట్టమును చదువుకొన్నవాడను నేనెఱుగకపోలేదు. "అందఱును పుచ్చుకొనుచున్నారు, పెద్దల మాట కాదనరాదు" అని ఊరకుంటిని. మామగారు ఎకరము మాగాణి అమ్మిరి. తాతగారికి అజ్ఞానమైన నున్నది. నాకు అదియును లేదు.

నిన్న సాయంకాలము మనుమరాలిని పిలిచి ఈ సంగతి చెప్పితిని. అది కొంతసేపూరకుండి, "ఆ పొలము సంగతి నాయనమ్మకు తెలియునా?" అన్నది.

నేను బదులు పలుకులోపలనే వంటయింటినుండి నా భార్య, "తెలియకేమి? చెఱువు క్రింది పొలము. గట్టుమీద రెండు తాటిచెట్లుండెడివి," అన్నది.

నలువదేండ్లు దాటినవి. ఆమె ఆ పొలమును మఱచిపోలేదు.