రెండో రిటైర్మెంట్ తరవాత

నా దగ్గరకు వచ్చే మాజీ సైనికులు యుద్ధం సంగతి ఎత్తరు. నిద్ర పట్టడం లేదంటారు, గుండె దడ అంటారు. కొందరిని ఇంట్లోవాళ్లు వెంటబెట్టుకొస్తారు: "ఈమధ్య ఊరికే కోపం వచ్చేస్తోందండీ, వయసైపోయింది కదా!" గోదావరి జిల్లాల్లో మిలిటరీ కుటుంబాలకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరమనే అంటారు. ఇక్కడ మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న నేను అరవై దాటిన మిలిటరీ మనిషి నిద్ర లేదని చెబితే, ముందు ఏ ఏడాది ఎక్కడ పనిచేశారో అడుగుతాను.

వాళ్ల తరంలో జవాను ఇరవై ఏళ్లలోపే సైన్యంలో చేరేవాడు. నలభై రాకుండానే పింఛనుతో ఇంటికొచ్చేవాడు. ఆ వెంటనే బ్యాంకులోనో ఫ్యాక్టరీలోనో సెక్యూరిటీ ఉద్యోగం, పిల్లల చదువులు, పెళ్లిళ్లు. ఆ పరుగులో పాత జ్ఞాపకాలు అణిగి ఉంటాయి. అరవైకి ఆ ఉద్యోగమూ అయిపోతుంది. పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోతారు. తోటి సైనికులు ఒక్కొక్కరే కాలం చేస్తుంటారు. అణిగినవన్నీ అప్పుడు పైకి లేస్తాయి. వియత్నాంలో పోరాడిన అమెరికన్ సైనికుల్లోనూ పరిశోధకులు ఇదే చూశారు.

శ్రీలంక వెళ్లొచ్చిన శాంతి సేన జవాన్లు ఇప్పుడు ఆ వయసుకు వచ్చారు. 1987 జులైలో భారత్, శ్రీలంక కుదుర్చుకున్న ఒప్పందం తరవాత శాంతి కాపాడటానికని వెళ్లి, అక్టోబరుకల్లా జాఫ్నాలో ఎల్‌టీటీఈతో యుద్ధమే చేయాల్సి వచ్చింది. 1990 మార్చిలో తిరిగొచ్చేనాటికి సుమారు 1,200 మంది ప్రాణాలు పోయాయి. మద్రాసు రేవులో దిగినవాళ్లకు స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమ త్యాగానికి విలువ ఏమిటో ఎవరూ చెప్పకపోతే ఆ గాయం మానడం మరీ కష్టం.

అలాంటి ఒక హవల్దార్ గారిని కోడలు తీసుకొచ్చింది. గుర్తులు మార్చి చెబుతున్నాను. కుళాయి గొట్టాల కోసం వాళ్ల వీధిలో రోడ్డు తవ్వి పూడ్చారు. మనవడు ఆ మట్టి మీద పరుగెత్తబోతే, ఈయన కేకపెట్టి, పిల్లాడి చెయ్యి వాచేంత గట్టిగా వెనక్కి లాగేశారు. ఎందుకని అడిగితే చాలాసేపు నేల చూస్తూ కూర్చుని అన్నారు: "కొత్తగా పూడ్చిన మట్టి మీద కాలెయ్యకూడదండి డాక్టర్ గారూ. మా ముందు బండి అలాగే పోయింది." జాఫ్నా రోడ్ల మీద మందుపాతర ఆనవాలు ఆ తాజా మట్టే. అది చాదస్తం కాదు, ఒకప్పుడు ఆయన ప్రాణం కాపాడిన జాగ్రత్త. ముప్పు పోయినా శరీరం దాన్ని వదల్లేదు.

ఇలాంటివాళ్లలో చాలామందికి క్యాంటీన్ రమ్మే నిద్రమందు. అది ముందు నిద్రపుచ్చి, అర్ధరాత్రి దాటాక లేపి కూర్చోబెడుతుంది. సొంతంగా కొనుక్కునే నిద్రమాత్రలు పెద్దవయసులో తూలి పడేట్టు చేస్తాయి, మతిమరుపు పెంచుతాయి. పనిచేసేది వేరే: తగిన మందులు, భయపెట్టిన సంఘటనను కొద్దికొద్దిగా చెప్పుకునేలా చేసే చికిత్స, అదే యుద్ధం చూసిన మరో ఇద్దరి సావాసం. హవల్దార్ గారితో నెలల తరబడి కూర్చున్నాం. మొదట తవ్విన వీధి చివర నిలబడటం, తరవాత ఆ అంచున నడవటం. ఇప్పుడు మనవణ్ణి ఆ దారినే బడికి తీసుకెళ్తున్నారు.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు. నిద్రలో కేకలు పెడుతుంటే భుజం తట్టి లేపకండి, దూరంగా నిలబడి పిలవండి. దీపావళి టపాసుల శబ్దానికి ఉలిక్కిపడితే నవ్వకండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుతో మానసిక వైద్యం కూడా చేయించుకోవచ్చు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. వయసు మీద పడిందని వదిలేయకండి. డెబ్బైలో మొదలుపెట్టినా ఈ వైద్యం పనిచేస్తుంది, నేను కళ్లారా చూస్తున్నాను.