రెండు పట్టణముల ఆకాశరేఖలు

దూరమునుండి ఒక పట్టణమును సమీపించు బాటసారికి దాని వీథులుగాని, అందలి జనులుగాని ముందుగా కనిపింపరు. నేల ముగిసి ఆకాశము మొదలగు చోట కొండలు, గోపురములు, మేడలు, చెట్లు కలిసి ఒక వంకర గీతను గీయును. దానినే ఆకాశరేఖ యందురు. మనుష్యుల ముఖములు వేరువేరుగా నున్నట్లే ఊళ్ళ ఆకాశరేఖలును వేరువేరుగా నుండును. ఆ గీతను చదువ నేర్చినవారికి ఆ యూరు ఏ పనిచే జీవించుచున్నదో, ఎవరి రాకకై ఎదురుచూచుచున్నదో కొంతవరకు తెలియగలదు.

దక్షిణ రాయలసీమలో తిరుపతి, చిత్తూరు అను రెండు పట్టణములు ఒకదాని కొకటి సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్నవి. 1911వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఉత్తర ఆర్కాడు, కడప జిల్లాల భాగములను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచిరి. అంతకుముందు ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణమై యుండిన చిత్తూరే క్రొత్త జిల్లాకును ముఖ్యపట్టణ మయ్యెను. నాటినుండి నూరేండ్లకు పైగా ఆ రెండూళ్ళును ఒకే జిల్లాలో నుండెను. కలెక్టరు కచ్చేరి, జిల్లా న్యాయస్థానము చిత్తూరులో నుండగా, యాత్రికుల రద్దీ తిరుపతిలో నుండెను. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1960లో వైద్య కళాశాల తిరుపతిలోనే వెలసెను. పెత్తనము ఒక యూరిది, పేరు మరియొక యూరిది. ఇక పోటీకి కొదువ యేమి? 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన తిరుపతి వేరొక జిల్లాకు కేంద్రమయ్యెను. అన్నదమ్ములు వేరుపడినను ఇరుగుపొరుగు మాటలు ఆగనట్లే, ఏ యూరు గొప్పదను వాదము ఆ రెండు పట్టణముల యువకులలో నేటికిని వినబడుచునే యున్నది. ఆ వాదమున తరచుగా వచ్చు ప్రశ్న యొకటి: ఎవరి ఊరిలో మేడలు ఎత్తైనవి?

ఇట్టి పోటీ ఈ సీమకే పరిమితమైనది కాదు. అమెరికాలో చికాగో, న్యూయార్కు నగరములు నూరేండ్లకు పైగా ఈ పందెమునే ఆడినవి. 1871లో అగ్నిప్రమాదమున చికాగో చాలభాగము కాలిపోగా, అచ్చటివారు ఉక్కు చట్రములతో ఎత్తైన భవనములను కట్టుట నేర్చుకొనిరి. న్యూయార్కువారు 1931లో 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనమును నిలిపిరి. చికాగోవారు 1970 తరువాతి దశాబ్దిలో అంతకంటె ఎత్తైన సియర్స్ టవరును కట్టి దానిని మించిరి. పిమ్మట ఆ ప్రథమస్థానము ఆసియాకు తరలిపోయెను. 2010లో దుబాయి నగరమున తెరువబడిన బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. మేడలతో ఆడు పందెమున గెలిచినవారి సంతోషము మరియొకరు ఇంకను ఎత్తైన మేడను కట్టునంతవరకే.

ఆ కొలబద్దతోనే చూచినచో తిరుపతికే గెలుపు దక్కును. రైలు నిలయమునకు చేరువను, బస్సు నిలయమునకు చుట్టుప్రక్కలను యాత్రికుల వసతి గృహములు, హోటళ్ళు అంతస్తుపై అంతస్తుగా లేచినవి. ఒకప్పుడు ఆ యూరి ఆకాశమున శ్రీ గోవిందరాజస్వామి ఆలయ గోపురమునకు ఎదురు లేదు. ఆ స్వామిని 1130లో శ్రీరామానుజాచార్యులవారు ప్రతిష్ఠించిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఏడంతస్తుల ఆ గోపురమును 17వ శతాబ్దమున మట్లి అనంతరాజు కట్టించెను. పూర్వము పల్లెలనుండి కాలినడకను వచ్చు యాత్రికులకు గోపుర శిఖరము కనిపించినచో ఊరు చేరువైనదను ధైర్యము కలిగెడిది. నేడు కొన్ని వీథులలో నిలిచి చూచినచో మేడల వెనుక ఆ శిఖరము దాగిపోవుచున్నది.

అయినను తిరుపతి ఆకాశరేఖను గీసినది మేస్త్రీలు కారు, శేషాచలము. పట్టణమునకు ఉత్తరమున ఎఱ్ఱని రాతిగోడవలె ఆ కొండ నిలిచియున్నది. తిరుపతి సముద్రమట్టమునకు సుమారు 150 మీటర్ల ఎత్తున నుండగా, కొండపైని తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున నున్నది. అనగా ఊరిలో నిలిచినవాని తలపై 700 మీటర్ల కొండ కలదు. దాని ముందర పది యంతస్తుల మేడయైనను అగ్గిపెట్టెవలె కనిపించును. ఉదయభానుని కిరణములు సోకగానే ఆ రాతిగోడ కెంపువన్నె దాల్చును. వానకారులో కపిలతీర్థము కడ తెల్లని జలధార కొండ అంచునుండి దుముకును. రాత్రివేళ 1944లో తెరువబడిన మొదటి ఘాటు రోడ్డు దీపములు, అటుపైన వేసిన రెండవ రోడ్డు దీపములు కొండ మెడలో హారములవలె మెరయును. నడకదారిలోని గాలిగోపురము దీపకాంతితో ఊరంతకును కనిపించును. 2023లో పట్టణము నడుమ పూర్తియైన ఏడు కిలోమీటర్ల మేల్వంతెన పైకి ఎక్కిన వాహనమునుండి చూచినచో, క్రింది వీథులలో మేడలు కప్పివైచిన కొండ మరల కన్నులపండువుగా నిలుచును.

చిత్తూరు ఆకాశరేఖ ఇట్లు కన్నులను మిరుమిట్లు గొలుపదు. నీవా నది ఒడ్డున పరచుకొన్న ఆ యూరిలో ఇండ్లు పొట్టివి. చింతచెట్లు, కచ్చేరీల కప్పులు, వాటి నడుమ ఇటీవల లేచిన సెల్‌ఫోను స్తంభములు, చుట్టును గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు, ఇవియే దాని రేఖ. చూచినవారు "ఇంతేనా!" యని అనుకొనవచ్చును. కాని ఆ పొట్టిదనమునకును కారణము కలదు. తిరుపతికి వచ్చువారు దూరదేశములనుండి వచ్చి, ఒక రాత్రియైనను ఊరిలో నిద్రించి పోవుదురు. కావున అచ్చట గదిపై గది కట్టవలసి వచ్చెను. చిత్తూరుకు వచ్చువారు చుట్టుప్రక్కల పల్లెలవారు. భూమి తగాదాతో న్యాయస్థానమునకు వచ్చిన రైతు, అర్జీతో కలెక్టరు కచ్చేరికి వచ్చిన ముసలమ్మ, మండీకి బెల్లము తెచ్చిన బండివాడు, వీరందరును ఉదయపు బస్సుకు వచ్చి సాయంకాలపు బస్సుకు తమ యిండ్లు చేరుకొందురు. మామిడి కాలమున తోతాపురి కాయలతో గుజ్జు కర్మాగారముల ముందు బారులు తీరిన ట్రాక్టర్లవారును సరకు దించగానే వెనుదిరుగుదురు. రాత్రికి నిలువని అతిథులకొరకు ఎవరు మేడలు కట్టుదురు? ఒక యూరిలో మేడలు లేచుటకును, మరియొక యూరిలో లేవకుండుటకును కారణము తెలివితేటలలోగాని పౌరుషములోగాని లేదు. వచ్చిపోవువారి అవసరములోనే కలదు.

ఇందొక చమత్కారమును గమనింపదగియున్నది. చిత్తూరు పట్టణము సముద్రమట్టమునకు 300 మీటర్లకు పైని ఎత్తున నున్నది. అనగా చిత్తూరు వీథిలో నేలపై కూర్చుండి బంతులాడుకొను బాలుడు తిరుపతిలోని ఎత్తైన మేడ మిద్దెపై నిలిచిన వానికంటె ఎత్తున నున్నాడు! ఎత్తు అనునది ఎచ్చటనుండి కొలుచుచున్నామో దానిని బట్టి మారును గదా!

రెండూళ్ళ నడుమ దారి పూతలపట్టు, చంద్రగిరుల మీదుగా పోవును. చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానులలో నొకటి. అచ్చటి రాతికొండ క్రింద మూడంతస్తుల రాజమహలు నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. కొయ్య వాడకుండ రాయి, ఇటుక, సున్నములతో దానిని కట్టిరి. ఆ దినములలో ఆ ప్రాంతమున రాజమందిరమునకు సరితూగు మేడ యుండెనా? ఇప్పుడు రాజులు లేరు, కొలువులు లేవు. ఆ మహలు పురావస్తు ప్రదర్శనశాలయై, బడిపిల్లలు వరుసలు కట్టి చూచి వచ్చు స్థలమైనది. దాని వెనుకనున్న కొండ మాత్రము రాజులు రాకముందు ఎట్లుండెనో అట్లే యున్నది. తిరుపతికిని చిత్తూరుకును నడుమ నిలిచి చంద్రగిరి ఉభయులకును చెప్పుచున్న పాఠ మిదియే.

ఆ కొండల చరిత్ర ఇంకను విచిత్రమైనది. చిత్తూరు చుట్టునున్న గుట్టలు గ్రానైటు, దాని జాతికి చెందిన శిలలతో ఏర్పడినవి. భూగర్భమున కరిగిన పదార్థము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడుటచే ఆ రాయి పుట్టినది. దాని వయస్సు రెండువందల కోట్ల సంవత్సరములకు మించినది. ఎండకు, వానకు దాని మూలలు అరిగి గుండ్రని బండలుగా మారును. కావుననే చిత్తూరు గుట్టల రేఖ ఎగుడుదిగుడుగా నుండును. తిరుపతి కొండ పైభాగము క్వార్ట్‌జైట్ అను రాయి. అది పూర్వము నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొనిన ఇసుక. కాలక్రమమున బిగిసి రాయియైనది. పొరలుగా ఏర్పడినది కావున దాని అంచు కోటగోడవలె తిన్నగా నుండును. రెండు పట్టణముల ఆకాశరేఖలలోని ముఖ్యభేదము ఈ రెండు రాళ్ళలోనే కలదు.

అయితే ఆ తిరుపతి రాతిగోడ దేనిపై నిలిచియున్నది? తిరుమల ఘాటు రోడ్డు ప్రక్కన దీనికి జవాబు కనబడును. అచ్చట పొరల రాయి ముగిసి, దాని క్రింద గ్రానైటు మొదలగుచున్నది. ఆ రెంటి నడుమనున్న సంధి అనేక కోట్ల సంవత్సరముల అంతరమునకు గుర్తు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు దానిని జాతీయ భూవిజ్ఞాన స్మారకముగా గుర్తించిరి. చిత్తూరు గుట్టలలో పైకి తేలి కనిపించు గ్రానైటు జాతి రాయియే తిరుపతి కొండను క్రిందనుండి మోయుచున్నది. పైన వాదులాడుకొను రెండూళ్ళకును అడుగున పునాది ఒక్కటే.

ఈ పునాదికి ఇప్పుడొక చిక్కు వచ్చి పడినది. శేషాచలమునకు భక్తి ఒక కావలి, చట్టము మరియొక కావలి. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనము, 2010లో శేషాచల జీవావరణ పరిరక్షణ ప్రాంతము ఏర్పడినవి. అచ్చట ఎవరును కొండను పగులగొట్ట సాహసింపరు. చిత్తూరు సీమలోని పేరులేని గుట్టల కట్టి అదృష్టము లేదు. గ్రానైటుకు విదేశములలోను, నగరములలోను గిరాకి కలదు. గనులలో గుట్టలను దిమ్మెలుగా కోసి లారీలపై తరలించుచున్నారు. ఆ రాయి మెరుగుపెట్టబడి ఎచ్చటనో మేడల మెట్లుగా, నేలగా పరచబడుచున్నది. ఒకచోట ఆకాశరేఖ ఒక యంతస్తు పెరిగినప్పుడు మరియొకచోట ఒక గుట్ట ఒక బారెడు తరిగినదేమో! ఆ పనివలన కొందరికి కూలి దొరకుచున్నది. ఆ రాయి మనుష్యులకు ఉపయోగపడుచున్నది. కావున రాయి కొట్టుటయే తప్పని యనలేము. కాని మేడ కూలినచో మరల కట్టవచ్చును. రెండువందల కోట్ల యేండ్ల గుట్టను కట్టగల మేస్త్రీ ఏడి? ఏ గుట్టను వాడుకొనవలెనో, దేనిని ఉంచుకొనవలెనో ఆ యూరివారు ముందుగా ఆలోచింపకున్నచో, ఆలోచించు నాటికి చూచుటకు గుట్ట యుండదు.

తిరుపతికిని ఒక బాధ్యత కలదు. వచ్చువారికి వసతి కావలెను. మేడలు లేవక తప్పదు. కాని వీథి చివర నిలిచిన బాలునికి గోపురము, కొండ కనిపించునట్లు కొంత ఆకాశమును విడిచి కట్టుట అసాధ్యము కాదు. కొండను చూడవచ్చిన యాత్రికుడు మేడను చూచి మరలిపోయినచో ఆ మేడకు మాత్రము ఏమి గౌరవము?

పోటీ చెడ్డది కాదు. ఒక యూరి బడిని చూచి మరియొక యూరివారు మంచి బడిని కోరుదురు. ఒక యూరి వైద్యాలయమును చూచి మరియొక యూరివారు మేలైన వైద్యాలయమును అడుగుదురు. తిరుపతి, చిత్తూరుల యువకులు అట్టి పోటీనే పెట్టుకొందురుగాక! అంతస్తుల లెక్కకు బదులు తమ యూరి ఆకాశరేఖలో ఎన్ని గుట్టలను, ఎన్ని చెట్లను, ఎంత గోపురదర్శనమును తరువాతి తరమువారికి మిగిల్చినారో లెక్కించుకొన్నచో, ఆ పందెమున ఓడినవారికిని లాభమే కలుగును.